ఒకటిన్నర స్పీడులో ఎలుకల బోను

మొన్న మా మనవడు ఫోన్లో 'ఎలిప్పత్తాయం' చూస్తున్నాడు. సంతోషించబోయి చూద్దును కదా, ఒకటిన్నర స్పీడు! "మరీ నిదానంగా ఉంది తాతయ్యా" అన్నాడు. ఆ నిదానమే కదరా అందులో సరుకు!

అడూర్ గోపాలకృష్ణన్ 1981లో తీసిన మలయాళ సినిమా; పేరుకు అర్థం ఎలుకల బోను. మరుసటేడు బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ సదర్లాండ్ ట్రోఫీ ఇచ్చింది. మన తెనాలి శారద నటించినా మనవాళ్లు చూసింది తక్కువే. శిథిలమవుతున్న పెద్దింట్లో ఉన్ని, పెళ్లికాని ఇద్దరు చెల్లెళ్లు. బయల్దేరినవాడు కాస్తా దారిలో బురద చూసి వెనక్కొచ్చేస్తాడు. దొడ్లోకి ఆవొస్తే తోలడానికీ "రాజమ్మా" అని పెద్ద చెల్లెలికి కేకే. ఆ రాజమ్మే శారద. తలుపు కిర్రుమన్నా, ఎలుక గీరినా వినపడుతుందక్కడ, అంతే.

చిన్న చెల్లెలు ఎలుకపడ్డ బోనును కొలనులో ముంచుతుంది. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది. నానమ్మ పకోడీ గుచ్చిపెట్టేది, అర్ధరాత్రి టప్పుమనేది. తెల్లారి బోను పట్టుకుని కాలవకు వెళ్లి, ముంచడానికి చేతులు రాక, గట్టు మీదే వదిలేసి, ముంచానని చెప్పేవాణ్ణి. ఓ రోజు నానమ్మ కళ్లద్దాలు సర్దుకుని బోనులోకి చూసి, "ఇది నిన్నటి తోకతెగిందే కదరా" అంది. ఆ తర్వాత బోను తనే మోసుకెళ్లేది. మోకాళ్ల నొప్పులతో.

సరే, మనవడి సంగతి. ఇలాంటి సినిమా చీకటి గదిలో, తలుపేసుకుని, ఒంటరిగా చూడాలని ఓ ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని వాడన్నాడు: "ఎంత స్పీడు పెట్టినా ఈయన కుర్చీలోంచి కదలడేంటి? ఆవిడ మాత్రం పరుగెడుతూనే ఉంది."

నోరు పడిపోయింది నాకు. మూడుసార్లు చూశాను. ఉన్ని ఒంటరితనాన్ని, ఆ మసక వెలుతురును మెచ్చుకుంటూ ఈ కాలమ్‌లోనే రాశాను. మన కర్చీఫులు తడిపించిన శారద ఇందులో పెద్దగా మాట్లాడదని కూడా రాశాను. వంటింటికీ వసారాకూ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టలేదు. కడుపునొప్పితో మెలికలు తిరిగేదాకా ఆమె ఒంటరిదన్న ఆలోచనే నాకు తట్టలేదు.

పక్కన కూర్చుని మళ్లీ మొదటినుంచి చూశాను, వాడి స్పీడులోనే. సగంలో కాఫీ కోసం కేకేయబోయి, లేచి వంటింట్లోకి వెళ్లాను. పొడి డబ్బా ఎక్కడుంటుందో మనవణ్ణే అడగాల్సొచ్చింది.