ట్రాక్‌ మీదికీ ఇంటికీ ఒకే టైరు

జర్మనీలోని ఐఫెల్ కొండల్లో 1927లో తెరిచిన నూర్బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె ట్రాక్ ఒక చుట్టు 20.8 కిలోమీటర్లు. రేసులూ పరీక్షలూ లేని వేళల్లో టికెట్ కొనుక్కుంటే ఎవరి కారు వాళ్ళు అక్కడ నడుపుకోవచ్చు. ఆ సమయంలో అది చట్టం దృష్టిలో టోల్ రోడ్డే. కాబట్టి గాడుల్లేని రేసు స్లిక్‌లు పనికిరావు, రోడ్డుకు అనుమతి ఉన్న టైర్లే ఉండాలి. రోడ్డు టైరుతో ట్రాక్ మీద నడపడమనే అలవాటు ఎంత లోతైనదో అక్కడ బాగా తెలుస్తుంది.

ఈ టైర్లు ముఖ్యంగా మూడు తరగతులు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటివి రోజువారీ వాడకానికి, వానకు, అప్పుడప్పుడు ట్రాక్‌కు సరిపోతాయి. యొకొహామా అడ్వాన్ ఏ052 లాంటివి పొడి ట్రాక్ వైపు మొగ్గుతాయి. మిషెలిన్ కప్ 2, పిరెల్లీ ట్రోఫియో ఆర్ లాంటి సెమీ స్లిక్‌లు పేరుకే రోడ్డు టైర్లు. 2017లో పోర్షె 911 జీటీ2 ఆర్ఎస్ నార్డ్‌ష్లైఫెలో అప్పటి రికార్డుగా 6 నిమిషాల 47.3 సెకన్లలో చుట్టు పూర్తిచేసింది కప్ 2 టైర్ల మీదే. ఆ రికార్డు చూసి ఆ టైరే కొనాలనిపించడం సహజం. కానీ ఐఫెల్‌లో ట్రాక్ ఒక కొసన వాన పడుతుంటే మరో కొసన ఎండ కాస్తుంది. గాడులు తక్కువున్న టైరు నీటిని బయటికి నెట్టలేక తేలిపోతుంది.

టైరు పక్కన కనిపించే ట్రెడ్‌వేర్ అంకెను చూసి ఎంచుకుందామా అంటే, అదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు. అమెరికా పద్ధతిలో టెక్సస్‌లోని సుమారు 640 కిలోమీటర్ల దారిలో టైర్లను తిప్పి, ఒక ప్రామాణిక టైరుతో అరుగుదలను పోలుస్తారు. 100 అంటే దానితో సమానం, 200 అంటే రెట్టింపు మన్నిక. అయితే ఆ అంకె వేసుకునేది తయారీ కంపెనీయే. పైగా అది అరుగుదల లెక్కే తప్ప పట్టు లెక్క కాదు. అక్కడి ఔత్సాహిక పోటీలు 200కు తగ్గకూడదని నియమం పెట్టగానే, సరిగ్గా 200 వేసుకుని సెమీ స్లిక్‌లకు దగ్గరగా పట్టు ఇచ్చే టైర్లు పుట్టుకొచ్చాయి.

అసలు కీలకం వేడి. పెనం కాలకముందు దోశ అంటుకుంటుంది, మరీ కాలితే మాడుతుంది. రబ్బరుకూ అలాంటి హద్దులే ఉన్నాయి. మొదటి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి టైరును వేడెక్కించాలి. వేడి సుమారు 6 డిగ్రీలు పెరిగితే లోపలి గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. అందుకే అనుభవజ్ఞులు చల్లగా ఉన్నప్పుడు కొంత తక్కువ గాలితో బయల్దేరి, ట్రాక్ దిగిన వెంటనే కొలిచి సరిచేస్తారు. టైరు అంచు మీద సుద్దతో గీత గీస్తే అది ఎంతవరకు చెరిగిందో చూసి, మలుపులో టైరు ఎంత ఒరిగిందో తెలుసుకోవచ్చు. ఉష్ణోగ్రత కొలిచే సూది ఉంటే లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడూ చూస్తారు. మధ్యలో ఎక్కువ వేడి ఉంటే గాలి ఎక్కువైనట్టు. బయటి అంచే కాలుతుంటే చక్రం పైభాగాన్ని ఇంకొంత లోపలికి వంచాలి, అంటే నెగటివ్ క్యాంబర్ చాలలేదు. ఇంటికి బయల్దేరే ముందు మళ్ళీ గాలి కొట్టించుకోవడం మరవకూడదు, ఎందుకంటే టైరు చల్లారితే గాలి రోడ్డుకు కావలసినదానికన్నా తగ్గిపోతుంది.

కొత్త టైరులో లోతైన గాడుల మధ్య రబ్బరు దిమ్మెలు మలుపుల్లో కదిలి త్వరగా కాగిపోతాయి. అందుకే అమెరికాలో కొందరు కొత్త టైరునే కొంత చెక్కించి వాడతారు. జర్మనీలో చట్టబద్ధమైన కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. ఆ అంచుకు చేరిన టైరు పొడి ట్రాక్ మీద బాగానే నడుస్తుంది, తడి రోడ్డు మీద ప్రమాదం.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ఉన్న 3.7 కిలోమీటర్ల ట్రాక్‌కు హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కారు నడుపుకుంటూ వెళ్ళేవారికి చిక్కు మరోలా ఉంటుంది. అక్కడి ఎండకు టైరును వేడెక్కించడం సులువు, చల్లగా ఉంచడమే కష్టం. కొద్దిపాటి చుట్లు, మధ్యలో విరామం అనే క్రమం పాటించాలి. పైగా వందల కిలోమీటర్ల హైవే ప్రయాణం ముందూ వెనకా ఉంటుంది. మెత్తటి సెమీ స్లిక్ ఆ దారిలోనే కొంత అరిగిపోవచ్చు.

కొత్తగా నేర్చుకునేవారికి మొదటి తరగతి టైరే మేలు. పట్టు జారబోయే ముందు అది చప్పుడుతో, మెల్లగా జారుతూ హెచ్చరిస్తుంది. సెమీ స్లిక్ మరింత వేగం దాకా పట్టి ఉంచి, తక్కువ హెచ్చరికతో వదిలేస్తుంది. బ్రేకుల మీదా సస్పెన్షన్ మీదా భారం కూడా పెంచుతుంది. ఖరీదైన టైరుకు పెట్టబోయే అదనపు డబ్బును మొదట శిక్షకుడి ఫీజుకూ కొత్త బ్రేక్ ఆయిల్‌కూ పెడితే చుట్టు సమయం మరింత తగ్గుతుంది. అప్పటికీ టైరే అడ్డమనిపిస్తే, పై తరగతికి వెళ్ళే వేళ వచ్చినట్టే.