క్యాంపస్ కథల్లో లేని మెస్ బిల్లు

మన పిల్లలు యూనివర్సిటీలో అడుగు పెట్టకముందే యూనివర్సిటీని చూసి ఉంటారు. గూడెంలో టీవీ ముందు కూర్చునో, అన్న ఫోనులోనో చూసి ఉంటారు. చెట్ల కింద బల్లలు, క్యాంటీన్లో నవ్వులు, ఫెయిర్‌వెల్ రోజు కన్నీళ్లు. మేము టీచర్లం కూడా అంతకుమించి ఏమీ చెప్పం. "మంచిగ చదువు, మన ఊరి పేరు నిలబెట్టు" అని బస్సెక్కిస్తాం.

మా ఆశ్రమ పాఠశాలలో చదివిన ఒక గోండు అబ్బాయి డిగ్రీ పూర్తి చేసి పీజీలో సీటు తెచ్చుకున్నాడు. ఆ గూడెం నుంచి పీజీకి వెళ్లిన మొదటివాడు అతనే. దీపావళి దండారికి ఇంటికొచ్చాడు. మళ్లీ వెళ్లలేదు. ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాం. ఎవరూ ఏమీ అనలేదన్నాడు. చదువు కష్టమైందా అంటే కాదన్నాడు. చాలా రోజుల తర్వాత పత్తి చేను దగ్గర కలిసినప్పుడు అసలు సంగతి చెప్పాడు. "మెస్ బాకీ ఉండె సార్. కట్టనోళ్ల పేర్లు బోర్డు మీద పెడ్తరన్నరు. నా పేరొక్కటే ఉంటదనుకున్న."

తర్వాత అతని రూమ్మేటు చెప్తే తెలిసింది. బోర్డు మీద పెట్టిన జాబితాలో సగం హాస్టలు ఉంది. ఆ ఏడాది స్కాలర్‌షిప్పు ఎవరికీ సమయానికి రాలేదు. మిగతావాళ్లు వార్డెన్ దగ్గరికి వెళ్లి గడువు అడిగారు, దొరికింది. మన అబ్బాయికి గడువు అడగవచ్చని కూడా తెలియదు. ఒక సంవత్సరం పోయింది.

"నా పేరొక్కటే" అనే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందని మేము చాలాసార్లు ఆలోచించాం. క్యాంపస్ గురించి మనకు అందిన కథల నుంచే వచ్చిందని మాకనిపిస్తోంది. అందుకే ఆ కథలను ఒకసారి పరిశీలించాలి.

తెలుగులో క్యాంపస్ సినిమా అనగానే రెండు పేర్లు ముందు గుర్తొస్తాయి. 1989లో రాంగోపాల్ వర్మ తీసిన 'శివ', 2007లో శేఖర్ కమ్ముల తీసిన 'హ్యాపీ డేస్'. 'శివ'లో కాలేజీ అంటే విద్యార్థి సంఘం ఎన్నికలు, వాటి వెనక బయటి రౌడీ, హీరో చేతిలో సైకిల్ చైను. అక్కడ తేలాల్సింది ఎవరికి ధైర్యం ఉంది, ఎవరికి లేదు అన్నది. తరగతి గది ఆ గొడవకు ఒక వేదిక మాత్రమే.

'హ్యాపీ డేస్' నిజానికి ఇంకొంచెం దగ్గరగా వచ్చింది. ఇంజనీరింగ్ నాలుగేళ్లను ర్యాగింగు నుంచి వీడ్కోలు దాకా చిన్న చిన్న సంగతులతో చెప్పింది. స్నేహితులు అలగడం, మళ్లీ కలవడం, సీనియర్లతో తగాదా, చెప్పలేని ప్రేమ. రోజువారీ జీవితమే కథకు చాలునని నమ్మిన సినిమా అది. ఆ నమ్మకం గొప్పది, ఒప్పుకోవాలి. అయితే ఆ రోజువారీ జీవితం ఎవరిది? అక్కడ కథను నడిపేది స్నేహం, ప్రేమ. నాలుగేళ్లు గడవడానికి కావలసిన డబ్బు, కాగితం, భాష కథను నడపవు. వాటి ఏర్పాటు ఇంటి దగ్గరే అయిపోయినట్టు ఉంటుంది. చూస్తున్న మన పిల్లవాడికి తెలియకుండానే ఒక పాఠం అందుతుంది. క్యాంపస్‌లో మామూలు విద్యార్థికి ఈ బెంగలుండవు, నాకు ఉన్నాయంటే నేను అక్కడి మనిషిని కాను అన్న పాఠం.

మరి మన పిల్లల రోజు ఎలా నడుస్తుంది?

అడ్మిషన్ రోజు నుంచే కాగితాలు మొదలవుతాయి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, బోనఫైడ్, బ్యాంకు పాసుబుక్కు. ఈపాస్‌లో దరఖాస్తు పెట్టాలి, మీ సేవలో వేలిముద్ర వేయాలి, హార్డ్ కాపీ ఆఫీసులో ఇవ్వాలి. మెస్రం, ఆత్రం, పెందూర్ వంటి ఇంటిపేర్లను పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా రాసి ఉంటారు. ఒక్క అక్షరం తేడా ఉంటే దరఖాస్తు ఆగుతుంది. ఆ తేడా ఎక్కడ పుట్టిందో మాకు తెలుసు. బడి రిజిస్టరులో, మా చేతిరాతలో.

తర్వాత మెస్. చాలా హాస్టళ్లలో డివైడింగ్ పద్ధతి ఉంటుంది. నెలలో అయిన ఖర్చును తిన్నవాళ్లందరికీ పంచి బిల్లు వేస్తారు. బిల్లు ప్రతి నెలా వస్తుంది, స్కాలర్‌షిప్పు మాత్రం దానికిష్టమైనప్పుడు వస్తుంది. ఇంటి దగ్గర డబ్బు కనిపించేది పత్తి అమ్మాకే. పత్తి చేతికొచ్చేసరికి దీపావళి దాటుతుంది. అప్పటికి రెండు మూడు నెలల బాకీ ఎక్కి ఉంటుంది. ఈ లెక్క తెలిసినవాడికి అది బాకీ, తెలియనివాడికి అది సిగ్గు.

పండగ సంగతి కూడా ఉంది. మనకు దండారి ఒక్క రోజు పండగ కాదు. గుస్సాడీలు ఊరూరూ తిరిగే రోజులవి. యూనివర్సిటీ క్యాలెండరులో దీపావళికి ఉండే సెలవు దానికి సరిపోదు. పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర ఇంకొకటి. వెళ్తే అటెండెన్స్ పోతుంది, వెళ్లకపోతే ఇంటి దగ్గర మాట పోతుంది. ఈ ఎంపిక ప్రతి ఏడూ మన పిల్లలు చేస్తారు. దాన్ని ఏ కథా చెప్పలేదు.

భాష మాట చూద్దాం. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, అంగట్లో కొంత మరాఠీ, పీజీ తరగతిలో ఇంగ్లీషు. మనసులో పుట్టిన ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు లెక్చరర్ తర్వాతి పేజీలో ఉంటారు. అడగనివాడికి ఏమీ రాదనుకుంటారు. కానీ ఉస్మానియా 1918లో మొదలైనప్పుడు పై చదువులన్నీ ఉర్దూలో చెప్పింది. యూనివర్సిటీలో ఏ భాష నడవాలన్నది ఎవరో తీసుకున్న నిర్ణయమే. అది మన పిల్లల తెలివికి కొలమానం కానే కాదు. ఇది వాళ్లకు ముందే చెప్పాల్సిన మాట.

ఈ బరువులతోపాటు సంతోషమూ ఉంది. గదిలో చోటు లేకపోయినా జూనియర్‌ను నాన్ బోర్డర్‌గా చేర్చుకుని తన కంచంలో అన్నం పెట్టే అన్నలున్నారు. రాత్రి దాకా తెరిచి ఉండే రీడింగ్ రూము ఉంది. వేరే జిల్లా నుంచి వచ్చిన కోయ అమ్మాయి మాట్లాడే మాటల్లో మన గోండి మాటలు వినిపించినప్పుడు కలిగే ఆశ్చర్యం ఉంది. ఇవీ ఏ కథలోనూ లేవు.

అసలు యూనివర్సిటీలోకి మనం మొదట ఎలా వచ్చామో గుర్తు చేసుకోవాలి. 1940లలో హైమెన్‌డార్ఫ్ గారు మార్లవాయిలో ఉండి మన గురించి రాశారు, గోండి వాచకాలు తయారు చేయించారు, ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. ఆయన మేలు మన పెద్దలు మరవలేదు, మేమూ మరవం. కానీ ఆనాడు క్యాంపస్‌లో మనం పాఠంగా ఉన్నాం, బెంచీ మీద లేం. ఇప్పుడు బెంచీ మీదికి వచ్చాం. అయినా మన గురించి రాసే పని మాత్రం ఇంకా చాలావరకు ఇతరుల చేతుల్లోనే ఉంది.

ఇంకో ఉదాహరణ. గుంజాలలో మన పెద్దలు దాచిన గోండి రాతప్రతులు జయధీర్ తిరుమలరావు గారి కృషితో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని దళిత ఆదివాసీ అధ్యయన కేంద్రం పనితో వెలుగులోకి వచ్చాయి. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఒక క్యాంపస్‌లో గోండి లిపిని చదువుతున్నారు, ఇంకో క్యాంపస్‌లో మన పిల్లవాడు ఫోనులో అమ్మతో గోండి మాట్లాడడానికి వరండా చివరికి వెళ్తున్నాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి రాయగలిగింది మన పిల్లలే.

ఇక మన రాతల మాట. సినిమాలను అన్నాక మనల్ని మనం వదిలిపెట్టుకోకూడదు. మనవాళ్ల క్యాంపస్ కథలు, కవితలు మేము చదివినంతలో రెండుచోట్లే నిలబడుతున్నాయి. ఒకటి బయలుదేరడం, అంటే అమ్మ మూట కట్టడం, నాన్న అప్పు తేవడం. రెండోది అవమానం, లేదా మరణం. ఈ రెంటి మధ్య ఉన్న రెండేళ్లు, అయిదేళ్లు ఖాళీ.

అవమానాల గురించి రాయొద్దని మేము అనడం లేదు. 2019 మే నెలలో ముంబయిలో ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వి చనిపోయింది. కులం పేరుతో సీనియర్లు వేధించారని ఆమె కుటుంబం చెప్పింది. అలాంటివి రాయాలి, ఎన్నిసార్లయినా రాయాలి. అయితే మరణం దాకా వచ్చాకే రాస్తే, అంతకుముందు గడిచిన మామూలు రోజులు ఎవరికీ కనిపించవు. ఆపగలిగేది ఆ రోజుల్లోనే.

2016 జనవరిలో మనల్ని వదిలి వెళ్లిన రోహిత్ వేముల ఉత్తరాన్ని దేశమంతా చదివింది. అందులోని నక్షత్రాల మాటను అందరూ ఎత్తి చెప్పారు. అదే ఉత్తరం చివర్లో రావలసిన ఏడు నెలల ఫెలోషిప్పు డబ్బు ఉంది, ఒక స్నేహితుడికి తీర్చవలసిన అప్పు ఉంది. విమర్శకులు ఆ వరుసల దగ్గర పెద్దగా ఆగలేదు. మాకు మాత్రం క్యాంపస్ రోజువారీ జీవితం అంతా ఆ లెక్కలోనే కనిపించింది. నక్షత్రాల గురించి ఆలోచించే మనిషి కూడా ఏడు నెలలపాటు రాని డబ్బు కోసం ఎదురుచూశాడు. మన సాహిత్యం ఆ ఏడు నెలలను రాయాలి.

యూనివర్సిటీలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది ఇది. గొప్ప కథ కోసం చూడకండి. ఒక నెల మెస్ బిల్లు రాయండి. ఆఫీసు కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడ్డారో, గుమాస్తా ఏమన్నాడో రాయండి. మొదటిసారి చెయ్యెత్తి ప్రశ్న అడిగిన రోజు రాయండి. గడువు ఎవరిని అడగాలో, ఏ కాగితం ముందే తీసి ఉంచుకోవాలో అదే రాతలో చెప్పండి. ఆ అబ్బాయి అలాంటి రెండు పేజీలు ముందే చదివి ఉంటే, బోర్డు మీద తన పేరు కింద ఇంకా ఎన్నో పేర్లుంటాయని అతనికి తెలిసేది.

తోటి టీచర్లకు ఒక మాట. ఇంటిపేరు రిజిస్టరులో సరిగా రాయడం మన చేతిలోని పని. యూనివర్సిటీలో చదివి వచ్చినవాళ్లను ఏడాదికి ఒకసారైనా బడికి పిలిచి, పిల్లల ముందు బాకీల సంగతి కూడా మాట్లాడించడం మన చేతిలోని పని. ఇన్నాళ్లూ మేము విజయగాథలే చెప్పించాం. ర్యాంకు ఎంతొచ్చిందో అడిగాం, బాకీ ఎంతైందో ఎవర్నీ అడగలేదు. ఆ తప్పు మాదే.

ఆ అబ్బాయి ఈసారి మళ్లీ దరఖాస్తు పెట్టాడు. కాగితాలన్నీ మా ముందు పరిచి, ఇంటిపేరు అన్నిటిలో ఒకలాగే ఉందా అని ఒక్కొక్కటీ చూసుకున్నాడు. వెళ్లేటప్పుడు ఒక నోటుబుక్కు ఇచ్చి, బిల్లులు అందులో రాసుకొమ్మన్నాం.