జూన్ దాకా మూసిన గేటు

పిల్లల యానిమేషన్ సినిమాల్లో స్నేహం గురించి మాట్లాడమంటే మనందరం దాదాపు ఒకే మాట చెప్తాం. నిజమైన స్నేహితుడు వదిలిపెట్టి పోడు. తప్పిపోతే వెతుక్కుంటూ వస్తాడు. ఎమ్మిగనూరులో చదువుకున్న నాకు మాత్రం ఈ పాఠం ఎప్పుడూ సగమే నిజమనిపించేది. ఎందుకంటే మా క్లాసులో ప్రతి ఏడూ చలికాలం మొదలయ్యేసరికి కొన్ని బెంచీలు ఖాళీ అయ్యేవి. హాజరు పిలిచేటప్పుడు ఎవరో ఒకరం చెప్పేవాళ్ళం: "సుగ్గికి పోయినాడు సార్."

కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పండగ లాంటి మాట. మా వైపు మాత్రం దానికి వలస అని అర్థం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో పంట చేతికి రాని ఇళ్ళకి తాళాలు పడతాయి. పిల్లాజెల్లాతో గుంటూరు వైపు పోతారు, మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి. ఆదోనిలో అంత పెద్ద పత్తి మార్కెట్టుంది. తుంగభద్ర దిగువ కాలువ పక్కనే పారుతుంది. అయినా పత్తి తీసే కూలి కోసం ఇంకో జిల్లాకి పోవాలి.

పోయిన సంక్రాంతికి ఆదోనిలో అక్కవాళ్ళింట్లో, అయిదో తరగతి చదివే మేనల్లుడితో కలిసి 'రోబోట్ డ్రీమ్స్' చూసినాను. స్పెయిన్ దర్శకుడు పాబ్లో బెర్గెర్ 2023లో తీసిన సినిమా. ఒక్క డైలాగు కూడా లేదు కాబట్టి వాడికి ఇంగ్లీషుతో పని పడలేదు. కథ 1980ల నాటి న్యూయార్క్‌లో. ఒంటరిగా ఉండే కుక్క ఒక రోబోను పోస్టులో తెప్పించుకుంటుంది. ఇద్దరూ ఒక వేసవి అంతా తిరుగుతారు. ఒకరోజు బీచ్‌కి పోతే నీళ్ళలో దిగిన రోబో బిగుసుకుపోతాడు. కుక్క ఎంత లాగినా కదలడు. మర్నాడు పనిముట్లు తీసుకుని వచ్చేసరికి సీజన్ అయిపోయి బీచ్ గేటుకి తాళం పడి ఉంటుంది. మళ్ళీ తెరిచేది జూన్‌లోనే.

జూన్. మా బడులు తెరిచే నెల కూడా అదే.

ఇక్కడే ఈ సినిమా మిగతావాటికి దూరంగా జరుగుతుంది. 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ'లో వుడీ మొదట అసూయతో బజ్‌ను దూరం పెడతాడు, తర్వాత ప్రాణానికి తెగించి తెచ్చుకుంటాడు. అసూయ నుంచి కూడా స్నేహం పుట్టొచ్చని చెప్పడం ఆ సినిమా చేసిన మంచి పని. మన హైదరాబాదులోనే పుట్టిన 'ఛోటా భీమ్' 2008 నుంచి టీవీలో నడుస్తోంది. అందులో కాలియా ప్రతిసారీ ఓడిపోతాడు, అయినా మళ్ళీ ఆటలో ఉంటాడు. అదీ బాగుంటుంది. కానీ ఢోలక్‌పూర్‌లో లడ్డూలకి కరువు రాదు, ఎవరి బెంచీ ఖాళీ అవదు. ఈ కథల్లో స్నేహం తెగిందంటే దానికి ఒక విలన్ ఉంటాడు, లేదా ఒకరి తప్పు ఉంటుంది. తప్పు దిద్దుకుంటే అంతా సరిపోతుంది.

'రోబోట్ డ్రీమ్స్'లో తప్పు చేసినవాళ్ళు లేరు. కుక్క గేటు దాటాలని నానా తంటాలు పడి ఓడిపోతుంది. ఇసకలో పడున్న రోబో కలల్లో పదే పదే ఇంటికి బయల్దేరతాడు. జూన్ వచ్చేసరికి రోబో అక్కడ ఉండడు, పాత ఇనుము కొట్టుకి చేరి ఉంటాడు. ఇంకెవరో అతన్ని బాగుచేసుకుంటారు. కుక్క ఇంకో రోబోను తెచ్చుకుంటుంది. చివర్లో రోబో పాత స్నేహితుణ్ణి చూస్తాడు. పరిగెత్తి పోయి కలిసినట్టు ఊహించుకుంటాడు. పోడు. వాళ్ళిద్దరి పాట ఒకటి పెద్దగా పెట్టి, కనబడకుండా తప్పుకుంటాడు. కింద వీధిలో కుక్క, పైన రోబో, ఎవరి చోట వాళ్ళు ఒకే అడుగు వేస్తారు.

నాకు కళ్ళు నిండినాయి. మేనల్లుడు నన్నే చూస్తున్నాడు. "కుక్క తప్పేం లేదు కదా మామా, మరెందుకు ఏడుస్తుండావు?"

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నా బెంచీవాడు సుగ్గికి పోయినాడు. జనవరిలో నీలకంఠేశ్వరుడి జాతరకి వాడు లేకపోవడం నాకు బాగా గుర్తుంది. రంగులరాట్నం ఒక్కడినే ఎక్కినాను. కానీ ఫిబ్రవరికల్లా నా పక్కకి ఇంకొకడు వచ్చి కూర్చున్నాడు, వాడితో బాగానే కలిసిపోయినాను. జూన్‌లో పాతవాడు వచ్చినాడు. మా అమ్మకిమ్మని చిన్న సంచిలో ఎండు మిరపకాయలు తెచ్చినాడు. నా బెంచీ చూసినాడు. ఏమీ అనలేదు, నాలుగో తరగతి గదిలోకే మళ్ళీ పోయి కూర్చున్నాడు. పరీక్షలు రాయలేదు కదా. నేను "రారా" అనలేదు. పిలిచినా రాలేడులే అని ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకున్నాను.

అందుకే ఈ సినిమా ముగింపుతో నాకు కొంచెం పేచీ ఉంది. పేరు పెట్టకుండా వదిలెయ్యడం కూడా ప్రేమేనని అది చాలా అందంగా ఒప్పిస్తుంది. మరీ అందంగా. వదులుకున్నవాడి పెద్దమనసు చూసి మనం ఏడ్చి తేలికపడతాం. గేటు ఎవరు మూసినారని అడగడం మర్చిపోతాం. బీచ్‌కి సీజన్ ఉండొచ్చు, బడికి ఎందుకుండాలి? సుగ్గికి పోయే ఇళ్ళ పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్ళని పెడుతుంటారు. అవి సరిగా నడిచిన ఊళ్ళో కొన్ని స్నేహాలైనా జనవరి దాటి నిలుస్తాయి. స్నేహం మనసుకి సంబంధించిందని చెప్పే పాఠాల్లో ఈ సంగతి ఉండదు.

అయినా పిల్లలకి ఈ సినిమా చూపించమనే అంటాను. స్నేహితుడు దూరమైతే వాడు మోసం చేసినట్టు కాదని, కొత్తవాడు దొరికితే పాతవాడు అబద్ధం అయిపోడని ఇంత నెమ్మదిగా చెప్పిన సినిమా నేను ఇంకోటి చూడలేదు. చూసినాక మాత్రం మూసిన గేటు గురించి కూడా వాళ్ళతో మాట్లాడాలి.

మేనల్లుడి ప్రశ్నకి ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. వాడే కాసేపు ఆలోచించి, తన క్లాసులో ఇప్పుడు ఎన్ని బెంచీలు ఖాళీగా ఉన్నాయో వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పినాడు.