పెంటికలు చెప్పిన అడవి కథ

జంతువుల్ని గమనించడం నేర్చుకుంటామని వచ్చే పిల్లలు ముందు దుర్భిణి గురించే అడుగుతారు. నేను మాత్రం ముందు పెంటికలు వెతకమంటాను. ఏది ఏం తింటోందో, ఎక్కడ విసర్జిస్తోందో తెలిస్తే అడవి సగం అర్థమైనట్టే. మోనితో దెల్ మోంతే అనే చిన్న జంతువు గురించి చదివాక ఈ నమ్మకం నాలో మరింత గట్టిపడింది.

దక్షిణ చిలీలోనూ, దాన్ని ఆనుకున్న అర్జెంటీనా కొండల్లోనూ ఎప్పుడూ తడిగా ఉండే చల్లటి అడవులున్నాయి. ఈ జీవి అక్కడిది. బరువు ముప్పై గ్రాములకు అటూ ఇటూ. చుంచెలుకంత ఒళ్లు, కళ్ల చుట్టూ నల్లటి పట్టీ. వెదురాకులు చుట్టి, లోపల నాచు పరిచి గూడు కట్టుకుంటుంది. శీతాకాలానికి ముందు తోక మొదట్లో కొవ్వు నింపుకుని, చలి ముదిరాక ఒంటి వేడి తగ్గించుకుని నిద్రలోకి జారుకుంటుంది. ఒక్కోసారి ఒకే గూట్లో నాలుగైదు ముడుచుకుని పడుకుంటాయి.

పిల్లల్ని పొట్ట సంచిలో పెంచుతుంది కనుక చాలాకాలం దీన్ని అక్కడి ఒపోసమ్‌లతోనే లెక్కగట్టారు. 1982లో శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సలాయ్ దీని చీలమండ ఎముకలు పరిశీలించి, ఇది ఒపోసమ్‌ల కంటే ఆస్ట్రేలియా సంచి జంతువులకే దగ్గరి చుట్టమన్నాడు. తర్వాత జన్యు పరిశోధనలూ ఆ మాటనే బలపరిచాయి. చిన్న ఎముకను అంత శ్రద్ధగా చూసినవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం.

ఇక పెంటికల సంగతి. మన మామిడి చెట్లను పట్టే బదనిక కుటుంబానిదే అక్కడి కింత్రాల్. మన దగ్గర ఆ గింజల్ని పిట్టలు చేరవేస్తాయి. అర్జెంటీనాలోని బరిలోచే ప్రాంతపు అడవిలో ఆ పని చేసేది మోనితో అని గిలియెర్మో అమికో, మార్సెలో ఐసెన్ 2000లో ‘నేచర్’ పత్రికలో రాశారు. అక్కడ ఆ పండు పండినా పచ్చగానే ఉంటుంది. రాత్రిపూట తిరిగే మోనితో దాన్ని మింగుతుంది. పేగుల్లోంచి బయటపడ్డ గింజలు జిగురుతో కొమ్మకు అతుక్కుని అక్కడే మొలకెత్తుతాయి. పండులోనే ఉండిపోయిన గింజ మొలవదు. చలికాలంలో వేరే పూలు అరుదైనప్పుడు హమ్మింగ్‌బర్డ్‌కు కింత్రాల్ తేనే ఆధారం. వేసవిలో ఆ పిట్టే అడవిలో ఎన్నో మొక్కలకు పుప్పొడి మోస్తుంది.

మీ తోటలో బదనిక కొమ్మ నరికే ముందు ఒక్క పూట దాని కింద కూర్చోండి. ఏ పిట్ట వచ్చింది, పండు తిని ఏ కొమ్మ మీద వాలింది, గింజ ఎక్కడ వదిలింది, తేదీతో సహా రాసిపెట్టుకోండి.