బాలాపూర్ లడ్డు వేలం - వార్తా ఛానెళ్లు: జనసంస్కృతి విమర్శ

కీలకపదాలు: బాలాపూర్, లడ్డు వేలం, ప్రత్యక్ష ప్రసారం, జనసంస్కృతి, మిథ్, రోలాండ్ బార్త్, గై డెబోర్.

1. ఉపోద్ఘాతం:
రెండవ ప్రపంచయుద్ధానంతర ఫ్రెంచి సమాజంలో సచిత్ర వారపత్రికలు, ప్రకటనలు, టెలివిజన్ విస్తరించాయి. రోలాండ్ బార్త్ 'మిథాలజీస్' (1957)లో వాటిని సాహిత్యంలాగే చదవదగిన పాఠ్యాలుగా విశ్లేషించాడు. పదేళ్ల తరువాత గై డెబోర్ 'ది సొసైటీ ఆఫ్ ది స్పెక్టకిల్' (1967)లో మానవ సంబంధాలను దృశ్యాలే శాసించే స్థితిని విమర్శించాడు. ఈ రెండు దృక్పథాల బలాన్ని, పరిమితిని పరీక్షించడానికి హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని గణేశుని లడ్డు వేలం తగిన ఉదాహరణ.

2. వేలం - ప్రసారం:
ఈ వేలం 1994లో రూ. 450తో మొదలైంది. తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తా ఛానెళ్లు దాదాపు దశాబ్దం తరువాత వచ్చాయి. కనుక వేలాన్ని టెలివిజన్ పుట్టించలేదు. ఒక ఊరి ఆచారానికి రాష్ట్రమంతటి ప్రేక్షకులను సమకూర్చింది. నిమజ్జనం రోజు, విగ్రహం హుస్సేన్‌సాగర్‌కు బయలుదేరే ముందు వేలం ప్రత్యక్షంగా ప్రసారమవుతుంది. దానితోపాటు ఏటేటా పాత ధరల పట్టిక కూడా వినిపిస్తుంది: 1994లో 450 రూపాయలు, 2002లో లక్షకు పైన, 2024లో 30.01 లక్షలు, 2025లో 35 లక్షలు.

3. పట్టిక చెప్పనిది:
చరిత్ర వల్ల ఏర్పడినదాన్ని సహజమైనదిగా చూపడమే మిథ్ చేసే పని అని బార్త్ వాదన. ధరల పట్టిక సరిగ్గా ఆ పనే చేస్తుంది. ధర పెరగడం స్వామి మహిమగా, పాడినవారికి కలిసివచ్చిన అదృష్టంగా కనిపిస్తుంది. లడ్డు ప్రసాదాన్ని పొలంలో చల్లితే పంట బాగా పండుతుందన్నది ఈ వేలంతో ముడిపడిన విశ్వాసం. అయితే నగరం విస్తరించి, ఆ పొలాల్లో చాలావరకు ప్లాట్లుగా, కాలనీలుగా మారాయి. పంటభూమి స్థిరాస్తిగా మారిన ఈ క్రమం పట్టికలో ఎక్కడా కనిపించదు.

ఇక్కడొక ప్రశ్న ఉదయిస్తుంది. బండ్లగూడ జాగీర్‌లోని ఒక విల్లాల సముదాయంలో 2025లో లడ్డు రూ. 2.32 కోట్లు పలికింది. ధరే ప్రధానమైతే కెమెరాలు బాలాపూర్‌ను విడిచిపోవాలి. అవి విడువలేదు. ఛానెళ్లకు కావలసింది అత్యధిక ధర కాదు, నాలుగువందల యాభై రూపాయలతో మొదలైన కథ.

4. డెబోర్ దృక్పథం - పరిమితి:
డెబోర్ విశ్లేషణలో ప్రేక్షకుడు ప్రధానంగా నిష్క్రియుడు. బాలాపూర్ ఈ చట్రంలో పూర్తిగా ఇమడదు. వేలం సొమ్ము గ్రామాభివృద్ధికి, ఆలయ పనులకు చేరుతుంది. కరోనా కారణంగా 2020లో వేలం రద్దయినా లడ్డు సంప్రదాయం ఆగలేదు. ఆ ఏటి లడ్డును ముఖ్యమంత్రికి అందజేశారు. దృశ్యం లేకున్నా ఆచారం నిలుస్తుందని ఇది సూచిస్తుంది.

5. ముగింపు:
బాలాపూర్ వేలాన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చడం, భక్తి అని సరిపెట్టుకోవడం రెండూ అసంపూర్ణ పఠనాలే. టెలివిజన్ ధరను గుర్తుంచుకుంది, పొలాన్ని మరిచింది. ధరల పట్టికను ఆ ప్రాంతపు భూముల చరిత్రతో కలిపి చదివినప్పుడే ఈ జనసంస్కృతి పాఠ్యం సమగ్రంగా అర్థమవుతుంది.