బొచ్చెకు పొట్ట లేదు

వాలుగను కోస్తే లోపల సంచిలాంటి పొట్ట కనిపిస్తుంది. ఒక్కోసారి అందులో అరగని పరిగ కూడా దొరుకుతుంది. కొరమేనుకూ అంతే. బొచ్చెను కోసి చూడండి, శీలావతిని కోసి చూడండి, ఆ సంచి ఉండదు. గొంతు దిగగానే పేగు మొదలవుతుంది, చుట్టలు చుట్టుకుని, ఒంటి పొడవుకు ఎన్నో రెట్లు. కొత్తవలసలో మా అత్త కత్తిపీట ముందు కూర్చుని చేపలు బాగుచేస్తుంటే మావయ్య ఆ పేగును వేలితో ఎత్తి నాకు చూపించాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

"సూడు అల్లుడా, దీనికి పొట్టే నేదు. తిండి దాసుకోడానికి సోటు నేదు. అందుకే రోజల్లా తింటాది, ఇంతింతే తింటాది. నువ్వు నిమ్మకాయంత ముద్ద కడితే ఏటి సేసుకుంటాది?"

మావయ్య గాలం విద్యంతా ఆ మాట మీదే నిలబడింది. చేపను ఎలా పట్టాలన్నది ఆయన చివర్న చెప్పేవాడు. అదెలా తింటుంది, ఏం తింటే దానికి ఒంటబడుతుంది అన్నవి ముందు చెప్పేవాడు. పొట్ట లేనప్పుడు ఆమ్లమూ ఊరదు. నోట్లో ఒక్క పన్నూ ఉండదు, పళ్ళు గొంతులో ఉంటాయి. నీళ్ళతో పాటు పీల్చిన మట్టి, గింజ, పురుగు అన్నీ అంగిట్లోని మెత్తటి కండ దగ్గర జల్లెడపడతాయి. పనికొచ్చేది లోపలికి, మట్టి మొప్పల్లోంచి బయటికి, నచ్చనిది వచ్చిన దారినే వెనక్కి. గట్టున కూర్చున్నవాడికి ఈ వ్యవహారమంతా జీలుగు బెండు మీద కనిపిస్తుంది. వాలుగ పట్టిందంటే బెండు ఒక్క ఊపున మాయమవుతుంది. శీలావతి వస్తే బెండు తల ఊపుతుంది, ఆగుతుంది, మళ్ళీ కాస్త ఊపుతుంది, తర్వాత మెల్లగా పక్కకు జరుగుతుంది. ఊపుతున్నంతసేపూ అది రుచి చూస్తోందన్నమాట. జరిగేదాకా ఆగగలిగినవాడికే చేప.

మా చెరువుల్లోని బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అక్కడ పుట్టినవి కావు. నిలవనీటిలో అవి గుడ్లు పెట్టవు, వాటికి వరద పారే ఏరు కావాలి. బంగారుతీగ ఒక్కటే చెరువులో నాచు మీద గుడ్లు పెట్టుకోగలదు. అందుకే ఒకప్పుడు పిల్లల్ని నదుల్లో పట్టి తెచ్చి చెరువుల్లో వదిలేవారు. 1957 జూలై 10న మన పక్కనే ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి చేప తలలోంచి తీసిన పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఈ పెద్దజాతి చేపలతో గుడ్లు పెట్టించాడు. ఆ రోజునే ఇప్పుడు దేశమంతా చేపల రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. గాలం పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. చెరువులో ఉన్న ప్రతి బొచ్చెనూ ఎవరో చేత్తో తెచ్చి వదిలారు. తెచ్చి వదిలినదానికి ఏం పెడుతున్నామో ఆలోచించుకోవాలి కదా.

ఒకే చెరువులో ఉన్నా వీటి వంటిళ్ళు వేరు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. పైనీటిలో తేలే కంటికానని పురుగుల్ని వడగట్టుకుని తింటుంది. చెరువులో పేడ వేసేది ఆ పురుగులు పెరగడానికే. శీలావతి నడిమి నీటిలో రాళ్ళకూ కాడలకూ పట్టిన నాచు గీక్కుంటుంది, దాని పెదవి అంచున కుచ్చులుంటాయి. ఎర్రమోసుకు అడుగు బురద. బంగారుతీగ మూతి దగ్గర మీసాలున్నాయి, వాటితో బురదను తడిమి రుచి చూస్తుంది. కాబట్టి ముద్ద ఒకటే అయినా బెండు నుంచి గాలం దాకా దారం ఎంత వదలాలన్నది ఏ చేప కోసం కూర్చున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. కొత్తగా వచ్చేవాళ్ళు ముద్దలో ఏం కలిపావని అడుగుతారు. దారం ఎంత వదిలావని ఎవరూ అడగరు.

ముద్ద సంగతికొస్తాను. మావయ్య తవుడు తెచ్చిన రోజే వాడేవాడు. మిల్లు నుంచి వచ్చిన తవుడులో నూనె నాలుగు రోజుల్లోనే కంపు పడుతుంది, చేప దాన్ని ముట్టదు. అందులో వేరుశనగ చెక్క, తెలగపిండి, ఉడకబెట్టిన చోడిపిండి, చివరగా భీమిలి వైపు నుంచి వచ్చే ఎండు రొయ్యపొట్టు నూరి ఒక గుప్పెడు. ఇవన్నీ ఎందుకని నేను చాలా ఏళ్ళు అడగలేదు. తర్వాత మేతల పుస్తకాలు చదువుతుంటే ఒక్కొక్కటీ విడివడింది. కోడిపిల్ల మేతలో మాంసకృత్తులు 20 శాతం దాటితే చాలు. ఎదిగే వయసు బంగారుతీగకు 30 నుంచి 38 శాతం దాకా కావాలి, ఎందుకంటే చేప ఒంట్లో శక్తికి కూడా మాంసకృత్తులే ఖర్చవుతాయి. తవుడులో ఉండేది పన్నెండు, పద్నాలుగు శాతం. వేరుశనగ చెక్కలో నలభై పైన ఉంటుంది గాని అందులో మెథియోనిన్ తక్కువ. తెలగపిండిలో మెథియోనిన్ బాగుంటుంది, లైసిన్ తక్కువ. ఆ లైసిన్ రొయ్యపొట్టులో వస్తుంది. ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. బాలింతకు మునగాకు వేసి తెలగపిండి కూర పెట్టే ఇళ్ళలో పెరిగినవాడు చేపకూ అదే పెట్టాడంటే నాకు ఆశ్చర్యం వేయలేదు. చోడిపిండిని ఉడికించడానికీ కారణముంది. పచ్చి పిండికన్నా ఉడికిన పిండి ఆ పేగులో తేలిగ్గా అరుగుతుంది.

తవుడులో భాస్వరం దండిగా ఉంటుంది. కానీ అది ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది, విప్పడానికి చేప దగ్గర ఏమీ లేదు. పోనీ ఎముకల పొడి కలుపుదామా అంటే, అందులోని భాస్వరం కరగాలంటే ఆమ్లం కావాలి, దానికి పొట్ట కావాలి. అత్త కత్తిపీట దగ్గర చూసిన పేగు మళ్ళీ ఇక్కడికే తెచ్చి నిలబెడుతుంది. ఒట్టి తవుడు మీదే బతికే చేప తింటూనే లోటుతో ఉంటుంది. చెరువులోని నాచూ పురుగులూ ఆ లోటు తీర్చాలి.

ముద్దను మావయ్య ఒక రాత్రి, చలికాలమైతే రెండు రాత్రులు మూతపెట్టి ఉంచేవాడు. కాస్త కల్లు మడ్డి కూడా కలిపేవాడు. పులిసినప్పుడు మాంసకృత్తులు విరిగి అమైనో ఆమ్లాలు విడిపడతాయి, అవి నీటిలో కరిగి పోతాయి. చేప మీసాలూ పెదవులూ వెతికేది వాటినే. అందుకే పులిసిన ముద్ద వేసిన చోటికి అవి ముందు వస్తాయి. మా చిన్నప్పుడు దీన్ని వాసన అనేవాళ్ళం, నిజానికి అది నీళ్ళలోని రుచి.

ఇంగ్లండులో 1970ల్లో ఫ్రెడ్ విల్టన్ అనే గాలగాడు ఇదే ఆలోచన చేశాడు. అంతకుముందు అక్కడ రొట్టె, ఉడికిన బంగాళాదుంప, వానపాము, ఇవే బంగారుతీగకు ఎర. విల్టన్ పాల మాంసకృత్తులూ గోధుమ మొలకా గుడ్డుతో కలిపి, చేపకు కావలసినవన్నీ ఆ ముద్దలోనే ఉండాలన్నాడు. ఒకసారి తిని ఒంటబట్టిందని తెలిసిన చేప మళ్ళీ దాన్నే వెతుక్కుంటూ వస్తుందన్నాడు. ముద్దను ఉండలు చేసి ఉడకబెట్టే బాయిలీలకు దారి పడింది ఆ రోజుల్లోనే. చేపకు పోషకాల సంగతేం తెలుస్తుందని వాదించినవాళ్ళూ ఉన్నారు. నేను విల్టన్ వైపే. బంగారుతీగకు దగ్గరి చుట్టమైన గోల్డ్‌ఫిష్‌ల ముందు వేరువేరు మేతలు పెట్టి వదిలితే, అవి తమకు కావలసిన పాళ్ళలో ఎంచుకుని తిన్నాయని పరిశోధకులు చూశారు. విల్టన్ పేరు మావయ్య ఎన్నడూ వినలేదు. కానీ గాలం వేయడానికి ముందు రెండు సాయంత్రాలు గాలం లేకుండానే ఆ చోట చిటికెడు చిటికెడు మేత చల్లేవాడు. "ముందు తిననీ. మనం పెట్టింది మంచిదని దానికి తెలవాలి గదా" అనేవాడు.

ఒక ఏప్రిల్‌లో నేను ఆ చిటికెడు మాట పెడచెవిన పెట్టాను. చెరువు మోకాలిలోతుకు వచ్చింది. చేపలన్నీ ఒక మూలకు చేరాయి, ఎక్కువ చల్లితే ఎక్కువ వస్తాయనుకుని సాయంత్రం బకెట్ నిండా మేత పోశాను. అవి తినలేదు, అది కుళ్ళింది. వేడి నీటిలో ప్రాణవాయువు ముందే తక్కువ. కుళ్ళే మేత ఉన్నదాన్నీ పీల్చేసింది, రాత్రంతా నాచు కూడా తన వంతు తీసుకుంది. తెల్లారేసరికి శీలావతులు నీటి పైకి మూతులు పెట్టి గుటకలు వేస్తున్నాయి. కొన్ని వెల్లకిలా తేలాయి. కిరండూల్ రైలు లైను మీద ఖనిజం బండి పోతున్నంతసేపూ గట్టు మీద నిలబడి చూశాను. మావయ్య ఒక్క మాట అనలేదు. పంట వేసుకున్న పక్క రైతును బతిమాలి మోటారు వేయించి, నీళ్ళు ఎత్తునుంచి చెరువులో పడేలా గొట్టం పట్టుకున్నాడు. పొద్దెక్కేదాకా ఇద్దరం ఆ గొట్టం దగ్గరే ఉన్నాం. ఆ తర్వాత నేను వేసవిలో మేత చల్లలేదు. బూజుపట్టిన వేరుశనగ చెక్క చవగ్గా వస్తుందంటే కొనలేదు. ఆ బూజులో ఉండే అఫ్లటాక్సిన్ చేప కాలేయాన్ని తినేస్తుంది. గాలానికి పడని చేప కూడా నేను చల్లిన మేత తింటుంది.

ఈ వారం వానలు నిలిచాయి. చెరువు నిండుగా ఉంది, నీళ్ళు లేత ఆకుపచ్చకు తిరిగాయి. చెరువు పాడుకున్నాయన గట్టున కూర్చోడానికి సరే అన్నాడు. మావయ్యకు ఇప్పుడు ఎనభై దాటాయి, గట్టు దాకా నడవలేడు. నిన్న ముద్ద కలిపి గిన్నెతో పట్టుకెళ్ళాను. కళ్ళు మూసుకుని వాసన చూశాడు, చూపుడువేలితో కాస్త తీసి నాలిక మీద పెట్టుకున్నాడు.

"తెలగపిండి కొంచెం తగ్గినట్టుంది అల్లుడా. పులుపు కూడా ఇంకా ఎక్కనేదు. రేపొద్దు, ఎల్లుండి ఎల్లు."

గిన్నె మీద మూత పెట్టి మళ్ళీ ఇంటికి తెచ్చాను.