వదులు పగ్గం

ఐస్‌ల్యాండ్ పల్లెల్లో సెప్టెంబరు పొద్దు కుక్కతో మొదలవుతుంది. రైతు ఉన్ని స్వెట్టరు తొడుక్కుని తలుపు తీసేసరికే అది గుమ్మంలో సిద్ధంగా ఉంటుంది. నిలువు చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక. పరుగున కంచె దగ్గరికి పోయి, ఇవాళ జీను ఎవరి వీపున పడుతుందోనని చూస్తుంది. ఒత్తు జూలు గుర్రం ఒకటి తల వంచి దాని మొహం మీద వెచ్చటి ఊపిరి వదులుతుంది. కుక్క తుమ్ముతుంది. రైతు నవ్వుకుంటాడు. ఆ తుమ్మూ ఆ నవ్వూ ఏ లెక్కల పుస్తకంలోకీ ఎక్కవు గానీ, వెయ్యేళ్లు దాటిన ఒక పనితనం ఇలాంటి పొద్దుల మీదే నిలబడి ఉంది.

ఆ పని పేరు వింటే తెలుగువాళ్లకు నోరూరుతుంది: గోంగుర్! మన ఆకుకూరతో దానికి చుట్టరికమేమీ లేదు. వాళ్ల భాషలో ఆ మాటకు ‘నడకలు’ అని అర్థం. వేసవి మొదట్లో గొర్రెల్నీ పిల్లల్నీ కొండల మీదికి తోలి వదిలేస్తారు. తోడేళ్లు లేని దేశం కాబట్టి వెంట కాపరి ఉండడు. అవి ఎక్కడ మేస్తాయో, ఏ లోయలో పడుకుంటాయో మూడు నెలల పాటు ఎవరికీ పట్టదు. సెప్టెంబరులో ఊరంతా గుర్రాలెక్కి వెళ్లి వాటిని వెతికి దించుకొస్తారు. కొన్ని ప్రాంతాల్లో ఇది ఒక రోజు పని, కొన్నిచోట్ల దాదాపు వారం. అందరినీ నడిపించే పెద్దను ‘కొండల రాజు’ అంటారు. కొండ మీద ఉన్నన్నాళ్లూ ఆయన మాటే శాసనం.

గుర్రం సంగతి ముందు చెప్పుకోవాలి. ఐస్‌ల్యాండ్ గుర్రం పొట్టిది. దాన్ని చూసి ‘పోనీ’ అన్నవాళ్ల మీద అక్కడివాళ్లకు కోపం వస్తుంది, రావాల్సిందే. ఆ పొట్టి జంతువు నిండు మనిషిని మోసుకుని రాళ్లూ బురదా మంచునీటి వాగులూ దాటి రోజంతా నడుస్తుంది. మామూలు గుర్రానికి నడక, దుడుకు, దౌడు ఉంటే దీనికి వాటితో పాటు టోల్ట్ అనే నాలుగో అడుగు ఉంది. కొన్నింటికి స్కెయిద్ అనే ఐదో అడుగు కూడా ఉంది. జట్కా ఎక్కినవాళ్లకు దుడుకు నడక అంటే ఏమిటో నడుముకు తెలుసు. టోల్ట్‌లో ఆ కుదుపు ఉండదు. ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు, కుడి ముందు కాలు: నాలుగు గిట్టలు నాలుగు వేర్వేరు దెబ్బలుగా నేలను తాకుతాయి. ఏ క్షణంలోనైనా కనీసం ఒక కాలు నేల మీద ఉంటుంది కాబట్టి వీపు ఎగిరి పడదు. కళ్లు మూసుకుని వింటే మృదంగం మీద చతురశ్ర నడక వాయిస్తున్నట్టే ఉంటుంది. బీరు నిండిన గ్లాసు చేత పట్టుకుని చుక్క ఒలకకుండా టోల్ట్ నడిపించే సరదా పోటీలు ఊరూరా జరుగుతాయి. మన మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల రేవాల్ నడక దీనికి దూరపు చుట్టం అనుకోవచ్చు.

ఈ అడుగు వెనక ఒక జన్యువు ఉందని 2012లో స్వీడన్‌లోని ఉప్సాలా శాస్త్రవేత్తలు తేల్చారు. దాని పేరు డీఎంఆర్‌టీ3. అందులో ఒక్క అక్షరం మారితే గుర్రానికి ఈ అదనపు అడుగులు సాధ్యమవుతాయి. సైన్సు అక్కడితో ఆగుతుంది. పుట్టుకతో వచ్చిన అడుగుకు తాళం కుదిర్చేది మాత్రం రౌతు చెయ్యి.

ఆ చేతి పనితనం గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. గుర్రప్పిల్లను నాలుగేళ్ల దాకా మందలో వదిలేస్తారు. వేసవిలో కొండలెక్కి, రాళ్ల మధ్య కాలు ఎక్కడ పెట్టాలో అది తనంతట తానే నేర్చుకుంటుంది. అప్పుడు జీను అలవాటు చేస్తారు. మొదట నడక, బాగా నిదానంగా. గుర్రం వెనక కాళ్ల మీద బరువు మోపి, వీపు పైకి తేల్చి, భుజాలు తేలిక చేసుకునే దాకా తొందర పెట్టరు. ఆ తర్వాత రౌతు నడుము కాస్త బరువుగా కుదుర్చుకుని, పగ్గం చిటికెడు బిగించి వెంటనే వదులుతాడు. ఆ వదలడంలోనే ఉంది కిటుకంతా. బిగించడం ఎవరైనా చేస్తారు. సమయానికి వదలగలిగినవాడికే గుర్రం టోల్ట్ ఇస్తుంది. పోటీల్లో ‘వదులు పగ్గపు టోల్ట్’ అని ఒక ప్రత్యేక విభాగమే ఉంది. అందులో పగ్గాలు వేలాడుతుండగా గుర్రం తన తూకం తానే నిలుపుకుని అదే తాళంలో సాగాలి. గొప్ప రౌతు అది చేసి చూపిస్తుంటే, అతడు ఏమీ చేయడం లేదేమో అనిపిస్తుంది.

ఇక స్కెయిద్. ఒక పక్క కాళ్లు రెండూ కలిసి, మరో పక్క కాళ్లు రెండూ కలిసి, మధ్యలో నాలుగూ గాలిలో! గంటకు 45 కిలోమీటర్ల వేగం. ఒక్క క్షణం రౌతు మనసు చెదిరితే గుర్రం దౌడులోకి జారిపోతుంది, పరుగు వృథా. ఈ అడుగులో సిగుర్‌బ్యోర్న్ బౌర్దార్సన్ పేరు చెబితే ఐస్‌ల్యాండ్‌లో తలలు వంగుతాయి. ఆటగాళ్లకు కొదవలేని ఆ దేశంలో 1993 సంవత్సరపు ఉత్తమ క్రీడాకారుడి గౌరవం ఈ రౌతుకు దక్కింది. గురువుల్లో రేనిర్ ఆదల్‌స్టేన్సన్‌ది మరో దారి. గుర్రాన్ని లొంగదీయడం కాదు, ఒప్పించడం అని ఒక తరానికి తరాన్నే నమ్మించిన మనిషి ఆయన.

కొండ మీద ఈ విద్యకు వేరే పరీక్ష ఉంటుంది. ఒక్కో రౌతుకు రెండు మూడు గుర్రాలు. ఒకటి కింద, ఒకటి పక్కన తాడుతో. దూరప్రయాణాల్లో మిగిలినవి జీను లేకుండా మందగా ముందు పరిగెడతాయి. ఒకటి అలిసే లోపే జీను మరోదానికి మారుతుంది. పొగమంచు దిగి దారి కనపడనప్పుడు, నేల బురదో గట్టిదో తెలియనప్పుడు అనుభవజ్ఞుడైన రౌతు పగ్గం పూర్తిగా వదిలేస్తాడు. గుర్రం ముక్కు నేలకు దించి వాసన చూసి, కాలు మోపి, నచ్చకపోతే ఆగిపోతుంది. అది ఆగినచోట కొట్టి ముందుకు నడపబోయినవాడు మోకాళ్ల దాకా దిగబడతాడు.

కుక్క కూడా ఈ వదిలేసే విద్యలో పండినదే. ఇక్కడ ఒక తగాదా ఉంది, పక్షం దాచుకోనక్కర్లేదు. ఇప్పుడు ఐస్‌ల్యాండ్ పొలాల్లో ఎక్కువగా కనిపించేది బ్రిటన్ నుంచి వచ్చిన బోర్డర్ కాలీ. నేలకు నక్కి, చప్పుడు చేయకుండా, కళ్లతోనే గొర్రెను కట్టేస్తుంది. చూడటానికి అద్భుతం, కాదనలేం. కానీ అది యజమాని ఈల కోసం చెవులు రిక్కించుకుని ఉంటుంది. ఐస్‌ల్యాండ్ కుక్క అలా కాదు. నిటారుగా నిలబడి మొరుగుతుంది. కొండ చీలికల్లో, లావా రాళ్ల వెనక, మనిషి కంటికి ఆనని చోట దాక్కున్న గొర్రెను ఆ మొరుగుడే బయటికి రప్పిస్తుంది. యజమాని అర కిలోమీటరు అవతల ఉన్నా ఏ పక్కకు తోలాలో తానే తేల్చుకుంటుంది. ఆకాశంలో కాకి ఎగిరినా దాని మీదా మొరుగుతుంది. గొర్రెపిల్లల కళ్లు పొడిచే బొంతకాకుల్ని తరిమిన పాత అలవాటు అది. వెనక కాళ్లకు జంట ఉపగోళ్లు ఉంటే మంచి జాతి అని పెంపకందార్లు మురిసిపోతారు. సాయంత్రం పని లేనప్పుడు పెరట్లో కూర్చుని ఎగిరే పక్షుల్ని ఒక్కొక్కదాన్నే తిడుతున్న ఆ కుక్కను చూడటం ఒక్కటి చాలు, ఆ రోజు అలసట తీరడానికి.

మనిషీ జంతువూ కలిసిన జత ఎక్కడి దాకా పోగలదో కొండల బెన్సీ చేసి చూపించాడు. అసలు పేరు బెనెదిక్త్ సిగుర్‌యోన్సన్. అందరూ మందలు దించుకున్నాక కూడా కొండ మీద తప్పిపోయిన గొర్రెలు కొన్ని మిగులుతాయి. పరుల గొర్రెలైనా సరే, వాటి కోసం శీతాకాలంలో మీవాత్న్ సరస్సు పైనున్న ఎడారి కొండల్లోకి పోయేవాడు. 1925 డిసెంబరులో అలా బయల్దేరి మంచు తుఫానుల్లో చిక్కాడు. వెంట లేయో అనే కుక్క, ఎయితిల్ అనే పొట్టేలు. ముగ్గురూ ప్రాణాలతో దిగొచ్చారు. ఆ ప్రయాణమే గున్నార్ గున్నార్సన్ చేతిలో ‘అద్వెంత’ నవలగా మారి ఎన్నో భాషలకు పాకింది.

చరిత్ర కావాలంటే సాగాలనే పాత గాథల నిండా ఉంది. న్యాల్ సాగాలో గున్నార్ అనే వీరుడు దేశబహిష్కారానికి పోతుంటే గుర్రం తడబడుతుంది. దిగి వెనక్కి తిరిగి తన పొలం వాలు చూసుకుని ఇక పోలేనంటాడు. శత్రువులు ఇంటి మీదికొచ్చిన రాత్రి అతన్ని లేపింది సౌమూర్ అనే కుక్క చావుకేక. గుర్రాన్నీ కుక్కనూ తొమ్మిదో శతాబ్దంలో వైకింగులు పడవల్లో తెచ్చారంటారు. బయటి గుర్రాలు రాకుండా 982లోనే చట్టం చేశారని చెప్పుకుంటారు. ఇప్పటికీ అదే కట్టుబాటు: బయటి గుర్రం లోపలికి రాదు, బయటికెళ్లిన గుర్రం మళ్లీ రాదు. ప్రపంచ పోటీలకు వెళ్లిన గుర్రం గెలిచినా ఓడినా అక్కడే ఉండిపోవాలి. పతకం మెడలో వేసుకుని, ఖాళీ చేతులతో విమానమెక్కే రౌతుల కళ్లు చూసినవాళ్లకు ఆ నియమం ఎంత బరువో తెలుస్తుంది.

1783 లాకి అగ్నిపర్వతం పేలుళ్ల తర్వాత దేశంలోని గుర్రాల్లో సగానికి పైగా పోయాయి. జాతి నిలిచింది. కుక్క కథ అంతకన్నా సన్నటి దారం మీద వేలాడింది. అంటురోగాలు ఒక పక్క. కుక్కల నుంచి మనుషులకు సోకే నీటితిత్తుల జబ్బు భయంతో పన్నులు, ఆంక్షలు మరో పక్క. రేక్యవిక్ నగరంలో 1924 నుంచి 1984 దాకా కుక్కను పెంచడమే నిషిద్ధం! 1950లలో మార్క్ వాట్సన్ అనే ఇంగ్లీషాయన మారుమూల లోయలు గాలించి, మిగిలిన మంచి కుక్కల్ని కొన్నింటిని ఏరి కాలిఫోర్నియా తీసుకెళ్లి పెంచాడు. ఐస్‌ల్యాండ్‌లో సిగ్రిదుర్ పేతుర్స్‌దోత్తిర్ తన పొలంలో పట్టుదలగా జాతిని నిలబెట్టింది. 1969లో కుక్కల సంఘం ఏర్పడింది. వాట్సన్ పుట్టినరోజు జులై 18ని ఇప్పుడు ఐస్‌ల్యాండ్ కుక్కల దినంగా జరుపుకుంటారు. సొంత బిడ్డ విలువ పరాయివాడు వచ్చి చెప్పాల్సి రావడం ఏ దేశానికైనా కాస్త సిగ్గే.

ఆ సిగ్గు ఇంకా పూర్తిగా తీరలేదు. టోల్ట్ పేరు చెప్పుకుని ఈ రోజుల్లో నడిచే నకిలీ చూస్తే ఒళ్లు మండుతుంది. పగ్గం బిగబట్టి తల పైకి లాగి, వీపు గుంట పడేలా చేసి, ముందు కాళ్లు ఆకాశానికి ఎత్తించి, ఇదే టోల్ట్ అంటారు. నాలుగు దెబ్బలు చెదిరి రెండు జతలై ఈడ్చుకుపోతుంటే పెంపకందార్లు దానికి ‘పంది పరుగు’ అని పేరు పెట్టారు, సరిగ్గానే పెట్టారు. చెవి లేని ప్రేక్షకుడు ఎత్తయిన మోకాళ్లు చూసి చప్పట్లు కొడతాడు. పోటీ గుర్రాల నోళ్లు పరీక్షించి పశువైద్యురాలు సిగ్రిదుర్ బ్యోర్న్స్‌దోత్తిర్ బృందం 2014లో ఒక అధ్యయనం ప్రచురించింది. నాలుక కోసం మధ్యలో వంపు పెట్టిన ఒక రకం కళ్లేనికీ దవడ ఎముక మీది గాయాలకూ గట్టి సంబంధం ఉందని అందులో తేలింది. ఆ కళ్లేన్ని పోటీల్లో నిషేధించారు. బాగుంది. కానీ ఆ గాయాలు చేసింది ఇనుము ఒక్కటే కాదు, వదలడం రాని చేతులు కూడా.

ఇంకా ఘోరం చూలు గుర్రాల నెత్తురు. పందుల పెంపకంలో వాడే హార్మోను కోసం వేల ఆడ గుర్రాల నుంచి వారానికి ఐదు లీటర్ల దాకా, కొన్ని వారాల పాటు రక్తం తీస్తూ వచ్చారు. 2021లో ఆ పని వీడియోలు బయటికొచ్చి దేశం ఉలిక్కిపడింది. ‘అత్యంత అవసరమైన సేవకుడు’ అని తరతరాలుగా గుర్రాన్ని పిలుచుకున్న జనం దాన్ని రక్తపు తొట్టిగా చూడటాన్ని ఏ లాభంతో సమర్థిస్తారు?

కొండల్లోనూ మార్పు వచ్చింది. 1970ల చివరి గొర్రెల సంఖ్యలో ఇప్పుడు సగం కూడా లేవు. కొన్నిచోట్ల గుర్రం బదులు నాలుగు చక్రాల మోటారు బండి ఎక్కుతున్నారు. బండికి బురద వాసన తెలియదు. కుక్క మొహం మీద ఊపిరి వదిలి తుమ్మించడం బండికి చేతకాదు. కొండల బాట పట్టే యువతకు ఊరి పెద్దలు ఒక్క సెప్టెంబరైనా గుర్రం మీద, మొరిగే కుక్క తోడుతో నేర్పాలి. ఆ దేశానికి వెళ్లే పర్యాటకులు కూడా గంటకు ఇంతని వరుసలో నడిపించే సవారీలతో తృప్తిపడకుండా, ఆ నెలలో వెళ్లి, దించిన గొర్రెల్ని వేరుచేసే దొడ్డి దగ్గర నిలబడి చూడాలి.

ఆ దొడ్డి దగ్గర చూడదగ్గది చాలా ఉంటుంది. దొడ్డి గుండ్రంగా, బండి చక్రంలా ఉంటుంది. నడుమ పెద్ద ఖాళీ, చుట్టూ ఆకుల్లా ఒక్కో పొలానికి ఒక్కో గది. గొర్రె చెవి మీది కోత గుర్తు చూసి, కొమ్ములు పట్టుకుని, కాళ్ల మధ్య ఇరికించుకుని ఎవరి గదిలోకి వాళ్లు లాక్కెళతారు. పిల్లలూ ముసలివాళ్లూ అందరూ అందులోకి దిగుతారు. పాటలు, బ్రెన్నివిన్ సారా సీసాలు, బురద. స్కాగాఫ్యోర్దుర్‌లో సెప్టెంబరు చివర గొర్రెల బదులు గుర్రాల్నే ఇలా వేరు చేసే రోజు ఒకటి ఉంటుంది. వందల గుర్రాలు లోయలోకి దిగుతుంటే చూడటానికి వేల మంది వస్తారు.

చీకటి పడ్డాక జీన్లు దించుతారు. వీపు మీద చెమట తడి ఆరకముందే గుర్రం ముందు మోకాళ్లు వంచి గడ్డిలో కూలబడి, నాలుగు కాళ్లూ పైకెత్తి అటూ ఇటూ దొర్లుతుంది. లేచి ఒళ్లంతా దులుపుకుంటుంది. కుక్క అప్పటికే, ఇంకా వెచ్చగా ఉన్న జీను మీద ముడుచుకుని పడుకుని ఉంటుంది. దాన్ని లేపకుండా రైతు పక్కన నేల మీద కూర్చుని కాఫీ పోసుకుంటాడు.